చాలు గింజ

గింజ పెట్టించుకున్న నలభై ఒకటో రోజున, కాకినాడ సభలో, మృదంగం సోమసుందరం శ్రుతి తప్పాడు. ఆ సంగతి ముగ్గురికి తెలిసింది. పాడుతున్న వైదేహి గారికి, ఆవిడ పక్కన వయొలిన్ పట్టుకున్నాయనకు, మూడో వరసలో కూర్చున్న సోమసుందరం భార్య హైమవతికి. సోమసుందరానికి మాత్రం అది తప్పనిపించలేదు.

తప్పింది పాట మధ్యలో కాదు, పాట మొదలు కాకముందే. తంబురా మోగుతోంది. సోమసుందరం మృదంగం కుడి మూత అంచు మీద చెక్కముక్క ఆనించి, దాన్ని రాయితో కొడుతూ, వేలితో మీటి వింటూ, మృదంగాన్ని తిప్పుతున్నాడు. అంచు చుట్టూ పదహారు చోట్ల ఇలా కొట్టి బిగించాలి. ఇరవై ఆరేళ్ల కాపురంలో హైమవతి ఈ పని కొన్ని వేలసార్లు చూసింది. పదహారూ అయ్యాక అతను ముఖం చిట్లిస్తాడు. మళ్లీ మొదటి చోటికి వస్తాడు. రెండో చుట్టు అవుతుంది, మూడో చుట్టు అవుతుంది. పాడేవాళ్లు గొంతు సవరించుకుని ఎదురుచూస్తారు. వైదేహి గారు ఒకసారి మైకులోనే, "ఏవయ్యా సోమూ, జనం ఇళ్లకెళ్లాక మొదలెడదామా?" అని అడిగారు కూడా.

ఆ రోజు అతను ఒక్క చుట్టుతో ఆపేశాడు. రాయి పక్కన పెట్టి, ఆవిడ వైపు చూసి తలూపాడు.

వైదేహి గారు పాడబోయి ఆగారు. "అయిందా?" అన్నారు.

"అయిందండి."

"చూసుకున్నావా?"

"బాగుందండి" అన్నాడు నవ్వుతూ.

హైమవతి తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. పంతొమ్మిదేళ్లుగా త్రాసులు పరీక్షించడం ఆమె ఉద్యోగం. ముల్లు నడుమకు వచ్చి నిలిచిందో, నడుమకు రాకముందే ఆగిందో దూరం నుంచి చెప్పగలదు. సంగీతం నేర్చుకోలేదు. కానీ ఆ సాయంత్రం మృదంగం మీద మొదటి దెబ్బ పడగానే, ముల్లు నడుమకు రాలేదని ఆమెకు తెలిసిపోయింది.

రెండున్నర గంటల కచేరీలో వైదేహి గారు అతని వైపు మూడుసార్లు చూశారు. మూడుసార్లూ అతను నవ్వాడు.

*

గింజ బియ్యపు గింజంతే ఉంటుంది. చెవి వెనక, చర్మం కింద, సూదితో పెడతారు. విశాఖపట్నంలో డాక్టర్ ప్రభంజన్ నడిపే ప్రయోగశాలలో దాన్ని తయారుచేశారు. మనిషికి ఒక వస్తువు కావాలనిపించినప్పుడు మెదడులో ఒక చోట పుట్టే అలజడిని అది పసిగట్టి, చిన్న కరెంటు పంపుతుంది. మనిషికి "చాలు" అనిపిస్తుంది. తొంభై రోజుల్లో మెదడు ఆ దారికి అలవాటు పడిపోతుంది. ఆ తర్వాత గింజ తీసినా ఉంచినా ఒకటే. తొంభై రోజుల లోపు తీస్తే మాత్రం మనిషి మునుపటిలా అవుతాడు. ప్రయోగశాల దానికి పెట్టిన పేరు వేరే ఉంది. హైమవతి ఇంట్లో దాన్ని చాలు గింజ అనేవాళ్లు.

ప్రయోగానికి చీరలు కొనేవాళ్లు వచ్చారు, ఫోన్లు మార్చేవాళ్లు వచ్చారు. ప్రభంజన్‌కు వాద్యకారులు కావాలి. వాళ్లంత మొండి రకం ఇంకొకరు లేరన్నాడు. "చీరలావిడ బీరువా నిండితే ఆగుతుంది మేడమ్. వీళ్లు బీరువా బయటపారేసి, ఆ చోట్లో ఇంకోటి పెడతారు."

హైమవతి ఇంట్లో బీరువా నిజంగానే బయటికి పోయింది. పదిహేడు మృదంగాలు ఉండేవి. ఒక్కో శ్రుతికి ఒక్కోటి కావాలన్నది న్యాయమేనని ఆమె మొదట్లోనే ఒప్పుకుంది. ఆడగొంతుకు ఒకటి, మగగొంతుకు ఒకటి, సముద్రపు గాలికి తోలు మెత్తబడితే బదులుకు ఒకటి. ఏడోదాని దగ్గర న్యాయం అయిపోయింది. తర్వాతవన్నీ "దీని నాదం వేరు హైమా" అన్న మాట మీదే ఇంట్లోకి వచ్చాయి. డిగ్రీ రెండో ఏడు చదివే కూతురు ఇందుజ తన గది వాటికి వదిలి హాల్లో పడుకునేది. "వాటికి ఏసీ కూడా పెట్టించు నాన్నా, నేను బాల్కనీలో సర్దుకుంటా" అనేది.

హైమవతికి పిత్తాశయం ఆపరేషన్ జరిగిన రోజున సోమసుందరం ఆసుపత్రిలో లేడు. పిఠాపురంలో మృదంగాలు చేసే ఏలియా, పాత పనస దుంగతో మృదంగం చేశానని పొద్దున్నే ఫోన్ చేశాడు. ఇంకొకరి కంట పడకముందే చూసొద్దామని సోమసుందరం బస్సెక్కాడు. ఆమెకు మెలకువ వచ్చేసరికి మంచం పక్కన పదిహేడోది ఉంది. దాని వెనక అతను ఉన్నాడు.

ఆమె ఏమీ అనలేదు. నెల తర్వాత ప్రయోగశాల కాగితాలు తెచ్చి ముందు పెట్టింది. అతను చదవకుండానే సంతకం చేశాడు. "నాకూ సిగ్గుగానే ఉంది" అన్నాడు.

గింజ పెట్టిన మొదటి నెలలో పద్నాలుగు మృదంగాలు వెళ్లిపోయాయి. శిష్యుల్ని పిలిచి అతనే ఇచ్చాడు. ఇందుజ గది ఇందుజకు వచ్చింది. కూరలో ఉప్పు తగ్గినా, బస్సు ఆలస్యమైనా అతను మాట అనేవాడు కాదు. హైమవతి ఆ నెలంతా సుఖంగా నిద్రపోయింది. ఆ సంగతి తర్వాత కూడా ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

*

కచేరీ మర్నాడు ఆమె ఆఫీసుకు సెలవు పెట్టింది. ఇందుజ చేత ఫోన్‌లో శ్రుతి కొలిచే యాప్ వేయించుకుంది. ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య దూరాన్ని అది వంద భాగాలు చేసి చూపిస్తుంది. భర్తను కూర్చోబెట్టి శ్రుతి చేయమంది. అతను ఒక చుట్టు కొట్టి ఆపాడు. తొమ్మిది భాగాలు తక్కువ.

"ఇంకొంచెం" అంది.

"ఎందుకు? బాగానే ఉంది కదా."

"తొమ్మిది తక్కువుంది. చూడండి."

అతను ఫోన్ చూడకుండా మూతను వేలితో మీటి విన్నాడు. "అవును, తక్కువే."

"వినిపిస్తోందా మీకు?"

"ఎందుకు వినిపించదు?"

"మరి?"

"మరేముంది? తక్కువుంది. ఫర్వాలేదనిపిస్తోంది."

ఇందుజ గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మా, నిన్న నా పాట కూడా బాగుందన్నాడు" అంది. "నేను పాడతానా అసలు?"

త్రాసు తప్పు చూపిస్తే ముందు త్రాసును పరీక్షించాలి, తర్వాతే మనిషిని అనుమానించాలి. అది హైమవతి ఉద్యోగంలో మొదటి పాఠం. మృదంగం తీసుకుని ఆ మర్నాడు పిఠాపురం వెళ్లింది. ఏలియా దాన్ని చాప మీద పెట్టి, మూత, వార్లు, లోపలి చెక్క అన్నీ చూశాడు. రెండు చుట్లు కొట్టాడు. యాప్ సున్న చూపించింది.

"దీనికేం రోగం లేదండి" అన్నాడు. మృదంగం ఆమెకు తిరిగిస్తూ, "అయ్యగారికే ఏదో అయ్యిందండి" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"నన్ను తిట్టి నెల దాటిపోయిందండి. ఇరవయ్యేళ్లలో నేను చేసిందేదీ ఆయన ఒకపట్టాన ఒప్పుకోలేదండి. ఒక్కో మూత మూడేసిసార్లు విప్పించేవారు. ఈ మనిషి చేతిలో పడ్డానేంట్రా దేవుడా అని ఏడ్చుకుంటూనే పని నేర్చేసుకున్నానండి. మొన్న మూత మార్పించుకోడానికొచ్చి, ఒక్క దెబ్బ కొట్టి, 'బాగుంది ఏలియా' అనేసి వెళ్లిపోయారండి. ఆయ్, నాకు భయమేసిందండి. ఆ మూత బాగోలేదండి మరి. నాకు తెలుసు కదండీ."

తిరుగు బస్సులో మృదంగాన్ని ఒళ్లో పెట్టుకుని హైమవతి ఆలోచించింది. భర్త చెవి పోలేదు. తేడా వింటే ఊరుకోలేకపోవడం పోయింది. ఇంకో మృదంగం కావాలన్నదీ, ఇంకో దెబ్బ కావాలన్నదీ అతనిలో ఒకే చోట పుడుతున్నాయి. గింజ రెంటినీ ఆపేసింది.

ఇంటికి రాగానే, "తీయించేద్దాం" అంది.

"నాకు బాగానే ఉంది. నీకు బాగాలేకపోతే తీయించు" అన్నాడు సోమసుందరం. వంకాయ కూర వేసుకుంటున్నాడు. అందులో ఆ రోజు కావాలనే ఆమె ఉప్పు వేయలేదు. అతను రెండోసారి వడ్డించుకున్నాడు.

*

యాభై రెండో రోజున ఇద్దరూ విశాఖపట్నం వెళ్లారు. ప్రభంజన్ వాళ్లకు కాఫీ తెప్పించాడు. తెర మీద గీతలు చూపించాడు. పన్నెండు మంది వాద్యకారుల్లో సోమసుందరానికే అందరికన్నా మంచి ఫలితం వచ్చిందన్నాడు.

హైమవతి తన కాగితం బల్ల మీద పెట్టింది. పది రోజుల రీడింగులు. తొమ్మిది తక్కువ, ఎనిమిది తక్కువ, తొమ్మిది తక్కువ.

ప్రభంజన్ చదివాడు. "పది వరకు మా హద్దులోనే మేడమ్."

"మీ హద్దుతో కచేరీ నడవదు డాక్టరు గారూ."

"జనం చప్పట్లు కొట్టారు కదా?"

"కొట్టారు. పాడే ఆవిడ మాత్రం ఆ తర్వాత ఫోన్ చేయలేదు. ఇరవై ఏళ్లుగా నెలకోసారి చేసే మనిషి."

ప్రభంజన్ నొచ్చుకోలేదు. తీయించుకోవడం సోమసుందరం హక్కేనంటూ ఒక ఫారం తీశాడు. అందులో ఒకే ప్రశ్న ఉంది: ఇది మీ సొంత కోరికేనా? దాన్ని ఆయనే పైకి చదివి, సోమసుందరానికి పెన్ను అందించాడు.

సోమసుందరం పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. "కోరిక అంటే… లేదండి" అన్నాడు. భార్య వైపు చూసి, "అబద్ధం ఎలా రాయను హైమా?" అన్నాడు.

ప్రభంజన్ ఫారం మళ్లీ ఫైల్లో పెట్టాడు.

కారిడార్‌లో వెనక నుంచి చెప్పుల చప్పుడైంది. ఇందాక తెర మీద గీతలు మార్చిన అమ్మాయి. డాక్టర్ రెహానా. ప్రభంజన్ కింద మూడేళ్లుగా పనిచేస్తోంది.

"ఆంటీ, ఆ హద్దు మొదట పది కాదు. రెండు."

"ఎవరు మార్చారు?"

"సారే."

"ఎప్పుడు?"

రెహానా లిఫ్టు వైపు చూసింది. "నవంబరులో. సార్ తన చెవి వెనక కూడా ఒకటి పెట్టించుకున్నారు. అదెలా ఉంటుందో తన మీద కూడా చూడాలని. పెట్టించుకున్న వారానికి హద్దు మార్చారు. అప్పట్నుంచి నేను మూడు తప్పులు చూపించాను. విన్నారు. బాగా పట్టుకున్నావమ్మా అని మెచ్చుకున్నారు. అంతే. సరిచేయలేదు. ఆయనకు అన్నీ బాగానే ఉన్నాయి."

"పైవాళ్లకు చెప్పలేదా?"

"భయమేసింది ఆంటీ. నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే."

"ఇప్పుడు భయం లేదా?"

"ఉంది."

"అయితే భయపడుతూనే రాయి" అంది హైమవతి, సంచిలోంచి తెల్ల కాగితం తీసి. "తారీఖులు వేసి రాయి. నా ఉద్యోగంలో తారీఖు లేని కాగితాన్ని ఎవరూ చదవరు."

*

విషయం, మనుషుల మీద జరిగే ప్రయోగాలను చూసే పరిశీలన సంఘం ముందుకు రావడానికి ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. మొదటి అర్జీకి జవాబు రాలేదు. రెండోదానికి, గింజ పెట్టించుకున్న మనిషే అర్జీ పెట్టాలని జవాబు వచ్చింది. మూడోదానికి ఆమె తన శాఖలో వాడే భాష వాడింది. ప్రమాణాన్ని ప్రయోగం మధ్యలో మార్చారని, మార్చిన వ్యక్తి కూడా ఆ పరికరం ప్రభావంలోనే ఉన్నారని, అందువల్ల నవంబరు నుంచి వచ్చిన ఏ ఫలితమూ ఫలితం కాదని రాసింది. నాలుగు రోజుల్లో పిలుపు వచ్చింది.

ఆ ఇరవై ఎనిమిది రోజులూ పొద్దున్న ఆరింటికి ఆమె భర్త ఎదురుగా కూర్చుంది. అతను ఒక చుట్టు కొట్టి ఆపుతాడు.

"ఇంకా" అంటుంది.

అతను కొడతాడు. ఆపుతాడు.

"ఇంకా."

"నీకు ఆఫీసు లేదా?"

"ఇంకా."

అతనికి అక్కర్లేదు. అయినా కొట్టేవాడు. భార్య అడిగింది కాబట్టి కొట్టేవాడు. సున్న దగ్గరికి వచ్చాక ఆమె చేయి ఎత్తేది. అతను మీటి, తల వంచి వినేవాడు. ముఖంలో ఏమీ కనిపించేది కాదు. మొదటి వారంలో ఒకరోజు ఆమె వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది. మర్నాడు ఆరింటికి మళ్లీ కూర్చుంది.

ఎనభయ్యో రోజున సంఘం కూర్చుంది. నలుగురు సభ్యులు. అధ్యక్షుడు విశ్రాంత జడ్జి, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లజోడు తుడుచుకునే మనిషి. రెహానా తన కాగితం చదివింది. ఒక్క వాక్యం కూడా వదల్లేదు.

"ఇది నిజమేనా డాక్టర్?" అని అడిగాడు అధ్యక్షుడు.

"నిజమే సార్" అన్నాడు ప్రభంజన్. "రెండు అనేది మరీ ఎక్కువ పట్టింపు అనిపించింది. పది చాలనిపించింది."

"అలా ఎందుకనిపించింది?"

ప్రభంజన్ ఆలోచించాడు. "బాగానే ఉంది కదా అనిపించింది" అన్నాడు.

ప్రభంజన్ నలుగురి ముఖాలూ మర్యాదగా చూశాడు. ఆయన ముఖంలో కంగారు లేదు. హైమవతికి ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం తగ్గింది. దాని బదులు భయం వేసింది.

"త్రాసులో ఎంత తేడా ఒప్పుకోవాలో త్రాసు పెట్టుకున్నవాడు నిర్ణయించకూడదండి" అంది. "నేను అడిగేది అంతే."

ప్రయోగం అప్పటికప్పుడు ఆపించారు. కానీ అప్పటికే పెట్టిన గింజ తీయాలంటే ఆ మనిషి అడగాలన్న నియమం అలాగే ఉంది. అధ్యక్షుడు సోమసుందరం వైపు తిరిగాడు. "మీకు తీయించుకోవాలని ఉందా?"

"లేదండి" అన్నాడు సోమసుందరం.

హైమవతి కళ్లు మూసుకుంది.

"లేదండి, కానీ తీయండి" అన్నాడు సోమసుందరం. అతను లేచి నిలబడ్డాడు. "నెల రోజులుగా మా ఆవిడ ఇంకా అంటే ఇంకా కొడుతున్నాను. ఆవిడ ఆపమన్న చోట ఆగి వింటున్నాను. సరైన చోటు అదేనండి. నాకు తెలుస్తోంది. తెలిసి కూడా, ఎవరూ చెప్పకపోతే, ముందే ఆగిపోతున్నాను. అలాంటివాడు మృదంగం ముట్టుకోకూడదు. మా గురువు గారు నా చేతిలో రాయి పెట్టిన రోజున, శ్రుతి కుదిరేదాకా దించకురా అన్నారు. నీకు కోరికుంటేనే అనలేదు. మీ ఫారంలో కోరిక అని రాసి ఉంది. ఆ మాట కొట్టేసి ఇవ్వండి, సంతకం చేస్తాను."

అధ్యక్షుడు కళ్లజోడు పెట్టుకున్నాడు. ఫారం తీసుకుని, ఆ మాట తనే కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. ఆ తర్వాత హైమవతి వైపు చూశాడు.

"అమ్మా, మీ అర్జీలో ఆసుపత్రి సంగతి కూడా రాశారు. ఇది తీసేస్తే ఇల్లు మళ్లీ నిండుతుంది. మీరు మళ్లీ ఆసుపత్రిలో ఒంటరిగా పడుకోవాల్సి రావచ్చు. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించానండి. ఆ రోజు నేను ఆయన్ని తిట్టాల్సింది. నాకు నోరుంది. తిట్టకుండా కాగితాల మీద సంతకం పెట్టించాను. తప్పు అక్కడ చేశాను. ఇకమీద ఆ విషయం ఆయనా నేనూ తేల్చుకుంటాం. గింజతో పని లేదు."

*

ఎనభై మూడో రోజున రెహానా దగ్గరుండి తీయించింది. రెండు కుట్లు పడ్డాయి. ఎంతసేపటికి మార్పు తెలుస్తుందని హైమవతి అడిగితే, గంటలు పట్టొచ్చు, రోజులు పట్టొచ్చు అంది. ప్రభంజన్ తనది తీయించుకుంటాడా అని అడిగితే, "నాకు అవసరం లేదమ్మా, హాయిగా ఉంది అంటున్నారు. వారం రోజులుగా అడుగుతున్నాను. రేపు మళ్లీ అడుగుతాను" అంది.

మధ్యాహ్నం రైలెక్కారు. అనకాపల్లి దాటింది. సోమసుందరం కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు. యలమంచిలి దాటింది. తుని స్టేషన్లో రైలు ఆగి, కదిలింది.

"ఆ ఎర్ర వార్లది ఎవరికిచ్చాం?" అన్నాడు.

"రవళికి."

"రవళికా? దానికి చెమట చేతులు. తోలు నాలుగు నెలలు ఉండదు." వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "నిడదవోలు నుంచి తెచ్చిందో?"

"చక్రధర్ తీసుకెళ్లాడు."

"వాడెందుకిప్పుడు? వాడు వాయించడం మానేసి ఏడాదైంది!"

"మీరే పిలిచి ఇచ్చారు."

"నేనిస్తే? పక్కనే ఉన్నావు కదా? పద్నాలుగు! పద్నాలుగు గుమ్మం దాటుతుంటే ఎలా చూస్తూ కూర్చున్నావు హైమా? నీకు మనసెలా ఒప్పింది?"

"హాయిగా ఒప్పింది. తలుపు పట్టుకున్నది కూడా నేనే."

ముందు సీట్లో ఉన్నాయన పేపరు దించి చూశాడు. సోమసుందరం ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. అతని చేయి తొడ మీద తాళం వేస్తోంది. వేస్తూ వేస్తూ ఆగింది.

"వైదేహి గారు మూడుసార్లు చూశారు" అన్నాడు.

"చూశారు."

"నేను నవ్వాను."

"నవ్వారు."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. హైమవతి అతని వీపు మీద చేయి వేయబోయి మానేసింది. ఆ నొప్పి కోసమే నలభై రోజులు తిరిగింది. ఇప్పుడు దాన్ని తగ్గించే పని పెట్టుకోదలచుకోలేదు.

అతను ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "తొమ్మిది! తొమ్మిది తక్కువ పెట్టుకుని రెండున్నర గంటలు వాయించానా ఆవిడ పక్కన? ఆ పెద్దావిడ ఎలా పాడింది? రెండున్నర గంటలు ఎలా భరించింది? స్టేజీ ఎక్కి లాక్కురావాల్సింది నన్ను! మైకు తీగ లాగేయాల్సింది! ఫోన్ ఏదీ? ఆవిడ నంబరేదీ? ఆ కచేరీ మళ్లీ చేస్తాను. వద్దంటే గుమ్మంలో కూర్చుంటాను. ఇంట్లో ఉన్న మూడూ ఆవిడ గొంతుకు పనికిరావు, ఒక్కటి కూడా పనికిరాదు…"

పెట్టెలో అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. ముందు సీటాయన పేపరు మడిచి, హైమవతి వైపు వంగాడు.

"ఏంటమ్మా, ఆయనకి ఒంట్లో బాగోలేదా?"

"ఇప్పుడే బాగైందండి" అంది హైమవతి. "ఇంకా అరుస్తారు. మీకు ఇబ్బందైతే పక్క పెట్టెలో కూర్చోండి."